పైపుకు తాయెత్తు

తెలుగునాట ఇంజనీరింగ్ చదివినవాళ్లలో నీళ్ల కాఠిన్యం కొలవనివాడు అరుదు. ఫస్టియర్ కెమిస్ట్రీ ల్యాబులో తప్పించుకోలేని ప్రయోగం అది. ఫ్లాస్కులో బోరు నీళ్లు, కాస్త బఫరు, చిటికెడు ఎరియోక్రోమ్ బ్లాక్ టీ, పైన బ్యూరెట్ నిండా ఈడీటీఏ. ఎర్రటి రంగు నీలంగా తిరిగేదాకా చుక్కచుక్కగా వదలడం, రీడింగు వేసుకోవడం. (రీడింగు సీనియరు రికార్డులో ముందే ఉంటుంది కాబట్టి రంగు ఎప్పుడు తిరిగినా పెద్ద నష్టం లేదు.) వైవాలో ఎక్స్‌టర్నల్ "హార్డ్‌నెస్ దేనివల్లయ్యా?" అంటే, "కాల్షియం, మెగ్నీషియం లవణాల వల్ల సార్, పీపీఎంలలో కొలుస్తాం సార్" అని ఊపిరి తీసుకోకుండా అప్పజెప్పి బయటపడతారు.

అదే ఇంజనీరు కొన్నేళ్లకు నిజాంపేటలోనో మణికొండలోనో ఫ్లాటు కొంటాడు. షవరు రంధ్రాలు సగం పూడుకుపోతాయి. గీజరు గురగురమంటుంది. కుళాయి మూతికి తెల్లగడ్డం మొలుస్తుంది. అప్పుడొక ఆదివారం పొద్దున టై కట్టుకున్న కుర్రాడు వచ్చి, అరచేతిలో ఇమిడే నల్లటి అయస్కాంతాల జత చూపించి, "ఇది పైపుకి బిగిస్తే చాలు సార్, హార్డ్ వాటర్ సాఫ్టయిపోతుంది. ఉప్పు అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు, మెయింటెనెన్స్ అక్కర్లేదు" అంటాడు. మన ఇంజనీరు అడిగే ఏకైక సాంకేతిక ప్రశ్న: "ఈఎంఐ ఉందా?"

లేనివాటి జాబితా చదివి సరుకు అమ్మడం ఈ కాలపు విద్య. ఉప్పు లేదు, కరెంటు లేదు, వృథా నీళ్లు లేవు. ఆ వరసలో తర్వాతది మాత్రం కుర్రాడు మింగేస్తాడు: కాఠిన్యంలో తేడా లేదు. పైపుకి ముందు 500 పీపీఎం ఉంటే, పైపు తర్వాతా 500 పీపీఎమే. ఫస్టియర్ ల్యాబులో ఏ నీళ్లు ఎంత ఈడీటీఏ తాగాయో, తాయెత్తు కట్టిన నీళ్లూ అంతే తాగుతాయి.

నీళ్లను తిట్టి లాభం లేదు. హైదరాబాదు ఊరంతా గ్రానైటు బండ మీద కూర్చుంది. మూసీ వరద ఊరిని ఊడ్చేశాక కట్టిన ఉస్మాన్‌సాగర్, అదే గండిపేట చెరువు, 1920లో వచ్చింది. గండిపేట నీళ్లు తాగినవాడు హైదరాబాదు వదలడని పెద్దలు గొప్పగా చెప్పుకునేవారు. తర్వాత మంజీరా వచ్చింది, కృష్ణ వచ్చింది, గోదావరి వచ్చింది. ఇవన్నీ వచ్చేలోపే ఊరు వాటికంటే ముందు పరుగెత్తి, పొలాల్లో పద్నాలుగు అంతస్తులు లేపి, కింద బండలోకి వెయ్యి అడుగుల బోర్లు దింపింది. అంత లోతున బండ పగుళ్లలో ఏళ్ల తరబడి నానిన నీళ్లకి కాల్షియం, మెగ్నీషియం పట్టక ఏం పడుతుంది? తాగే నీటికి భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉంటే మంచిది. వేరే దిక్కు లేకపోతే 600 దాకా సర్దుకోవచ్చు. మన అపార్ట్‌మెంట్లు ఈ రెండో వాక్యం మీదే బతుకుతున్నాయి. ఎండాకాలంలో ట్యాంకరు తెచ్చే నీళ్ల లెక్క ఎంతో ట్యాంకరు డ్రైవరుకీ తెలియదు, అడగాలని మనకీ తోచదు.

ఈ నీళ్లు పెట్టే బాధలు రెండు రకాలు. వాటిని కలిపేయడంలోనే వ్యాపారమంతా ఉంది. ఒకటి వేడి చేస్తే వచ్చేది. నీళ్లలో కరిగి ఉన్న కాల్షియం బైకార్బొనేటు గీజరులో కాగగానే విరిగి, కార్బొనేటుగా మారి, ఎలిమెంటు మీద సున్నపు పెచ్చుగా కూర్చుంటుంది. రెండోది వేడి చేయకపోయినా వచ్చేది. సబ్బు రుద్దితే నురగ బదులు తెల్లటి తెట్టు. బట్టలు ఆరాక అట్టముక్కలు. కందిపప్పు ఎన్ని విజిల్స్ కొట్టినా పలుకు పలుకుగానే మిగలడం, చివరికి చిటికెడు వంటసోడాతో రాజీ. ఉప్పుతో నడిచే సాఫ్ట్‌నర్ కాల్షియాన్ని పట్టుకుని దాని బదులు సోడియం వదులుతుంది కాబట్టి రెండు బాధలూ తీరుస్తుంది. ఇంటర్ పుస్తకంలో పర్మ్యుటిట్ పద్ధతి అని బట్టీ పట్టామే, దాని వారసురాలే అది. ఉప్పు లేని కండిషనర్ అన్నీ కలిసొస్తే మొదటి బాధను తగ్గిస్తుంది. రెండోదాన్ని ముట్టుకోదు, ముట్టుకోలేదు. కాల్షియం నీళ్లలోనే ఉంటే సబ్బు దాన్ని వదిలిపెడుతుందా?

ఇంత చిన్న మాటను కప్పిపుచ్చడానికి ఎంత పెద్ద ప్రదర్శన పెడతారో చూసి తీరాలి.

మొదట టీడీఎస్ మీటరు బయటికొస్తుంది. కుళాయి నీళ్లలో పెడితే 900. కుర్రాడు తనతో తెచ్చుకున్న సీసాలో పెడితే 40. హాల్లో నిట్టూర్పు. అయితే ఆ మీటరు కొలిచేది నీళ్లలోంచి కరెంటు ఎంత సులువుగా పోతుందో అది మాత్రమే. అందులో కాఠిన్యమెంతో, మామూలు ఉప్పెంతో దానికి తెలియదు. సీసాలోవి ఆర్వో నీళ్లు. కుర్రాడు అమ్మబోయే సరుకు ఆ 900ని 40 కాదు గదా, 890 కూడా చేయదు. ఆ సంగతి మీటరుకు తెలుసు. అందుకే పరికరం బిగించాక మీటరు మళ్లీ సంచీలోంచి బయటికి రాదు.

తర్వాత అసలు సిసలు గారడీ. రెండు గ్లాసులు, వాటిలో లోహపు కడ్డీలు, ప్లగ్గు. స్విచ్చి వేయగానే కుళాయి నీళ్లు పచ్చబడి, నల్లబడి, అడుగున బురద దిగుతుంది. పక్క గ్లాసులో సీసా నీళ్లు తేటగా నవ్వుతుంటాయి. "మీ పిల్లలు రోజూ తాగుతున్నది ఇదే మేడమ్" అంటాడు కుర్రాడు, గొంతు తగ్గించి. ఆ బురద నీళ్లలోది కాదు, కడ్డీది. ఇనుప కడ్డీ కరెంటుకి కరిగి తుప్పై తేలుతుంది. ఆర్వో నీళ్లలో కరెంటు సరిగా పారదు కనుక కడ్డీ కరగదు. ఆ తేట గ్లాసులో మీ చేత్తో చిటికెడు ఉప్పు వేసి స్విచ్చి వేయండి, అదీ బురదవుతుంది. ఈ పని చేయబోతే కుర్రాడికి తప్పకుండా అర్జెంటు ఫోను వస్తుంది.

ఆఖరున శరీరశాస్త్రం. రాలిన జుట్టు, చర్మం మీద మచ్చలు, ఒక మూత్రపిండపు రాయి ఫోటో. కఠిన జలమే జుట్టు రాలుస్తుందనడానికి గట్టి రుజువు లేదు. కాఠిన్యానికి ఆరోగ్యరీత్యా ఇంత మించకూడదనే హద్దేదీ ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టలేదు. అయినా అద్దం ముందు నిలబడి దువ్వెనలో వెంట్రుకలు లెక్కపెట్టుకునే మగవాడికి, తన బట్టతల తాతగారి నుంచి కాక బోరులోంచి వచ్చిందని ఎవరైనా చెబితే కలిగే ఊరట ఏ వైద్యుడు ఇవ్వగలడు? ఆ ఊరట ఖరీదు ముప్ఫై వేలంటే కారుచౌక.

"మరి ఉప్పు సాఫ్ట్‌నర్ పెట్టించుకుంటే?" అని ఎవరైనా అడిగారో, కుర్రాడి ముఖంలో వైద్యుడి గాంభీర్యం దిగుతుంది. "సోడియం సార్. బీపీ." ఆ ఒక్కమాటకి ఇల్లంతా నిశ్శబ్దం. లెక్క చూద్దాం, ఇంజనీర్లం కదా. లీటరుకు 400 మిల్లీగ్రాముల కాఠిన్యం తీసేస్తే నీళ్లలోకి వచ్చే సోడియం 184 మిల్లీగ్రాములు. చెంచా ఉప్పులో సోడియం దాదాపు 2,000. అంటే ఆ చెంచా లెక్క తేలాలంటే బాత్రూం నీళ్లు పది లీటర్లకు పైగా తాగాలి. ఎవరు తాగుతున్నారు? వంటింట్లో ఆర్వో ఉంది, లేకపోతే ఇరవై లీటర్ల క్యాన్ ఉంది. ఆర్వో వచ్చిన సోడియంలో చాలామట్టుకు గెంటేస్తుంది కూడా. సోడియం వద్దని డాక్టరు చెప్పినవాళ్లు తాగే కుళాయిని ఆ లైనుకి బయట ఉంచుకుంటే సరిపోతుంది. ఇక మిగిలింది ఒంటి మీద పోసుకునే సోడియం, ఫ్లష్షులో పోయే సోడియం. ఫ్లష్ నొక్కడం వల్ల బీపీ పెరిగిన మొదటి జాతి మనదే కావాలి. ఈ సోడియం భయంతో అయస్కాంతం కొన్న సార్, ఆ మధ్యాహ్నం కొత్తావకాయలో నెయ్యి కలుపుకుని, పక్కన రెండు అప్పడాలు, గిన్నెలో ఊరమిరపకాయలు పెట్టుకుని, ఆరోగ్యం కోసం తీసుకున్న నిర్ణయానికి తనను తాను అభినందించుకుంటాడు.

నిజం చెప్పాలి గనక చెబుతున్నాను, ఉప్పు లేనివన్నీ ఒక్క గంపలోవి కావు. అందులో ఒక రకం, టెంప్లేట్ పద్ధతిది, కాస్త చదువుకున్నది. ప్రత్యేకంగా తయారుచేసిన పాలిమర్ గుళ్ల మీదుగా నీళ్లు పోతాయి. కాల్షియం ఆ గుళ్ల మీద కంటికి కనబడనంత సన్నటి స్ఫటికాలుగా మొలిచి, విడిపోయి, నీళ్లతోపాటే సాగిపోతుంది. స్ఫటికంగా మారిపోయింది కాబట్టి గీజరు గోడని పట్టుకోదు. అరిజోనా స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు ఉప్పుకి ప్రత్యామ్నాయాలను పక్కపక్కన పెట్టి పరీక్షిస్తే ఈ పద్ధతి పెచ్చును 90 శాతానికి పైగా తగ్గించింది. విద్యుదయస్కాంతపు రకం చాలా వెనకబడింది. జర్మనీవాళ్లు ఇలాంటివాటికి డీవీజీడబ్ల్యూ డబ్ల్యూ 512 అని ఒక కఠినమైన పరీక్షే పెట్టారు. కానీ ఆ గుళ్లకీ నోరూ కడుపూ ఉన్నాయి. నీళ్లలో ఇనుము ఉంటే పూడుకుపోతాయి. కొన్నేళ్లకు మార్చాలి. బైకార్బొనేటు కాఠిన్యం మీద చూపే ప్రతాపం సల్ఫేటు మీద చూపవు. షవరు అద్దం మీద చుక్క ఆరితే మచ్చ పడుతూనే ఉంటుంది, కాకపోతే తుడిస్తే కాస్త సులువుగా పోతుంది. ఇంత మర్యాదగా, ఇన్ని షరతులతో చెబితే ఎవరు కొంటారు? అందుకే చదువుకున్న ఈ సరుకును కూడా తాయెత్తు మంత్రాలతోనే అమ్ముతారు.

పాలీఫాస్ఫేట్ గుళికలది ఇంకో దారి. కొద్దికొద్దిగా కరుగుతూ కాల్షియాన్ని గోడకి అంటకుండా పట్టి ఉంచుతాయి. వాషింగ్ మెషీనుకి పనికొస్తాయి. గీజరులో నీళ్లు గంటల తరబడి కాగుతుంటే ఆ పట్టు సడలుతుంది. అయస్కాంతం సంగతి వేరు. వెర్మైరెన్ అనే ఆయన 1945లో బెల్జియంలో పేటెంటు తీసుకున్నప్పటి నుంచీ వాదన సాగుతూనే ఉంది. కొన్ని ప్రయోగాల్లో ఏదో కనబడింది, ఇంకొన్నిట్లో ఏమీ కనబడలేదు. ఎనభై ఏళ్లుగా తేలని పంచాయితీని నిజాంపేట కుర్రాడు పది నిమిషాల్లో తేల్చేస్తాడు, పైగా పదేళ్ల గ్యారంటీతో. అయస్కాంతానికి పదేళ్ల గ్యారంటీ ఇవ్వడంలో సాహసమేమీ లేదు. అది పదేళ్లయినా అయస్కాంతంగానే ఉంటుంది.

అసలు ఉప్పు వద్దన్న గొడవ ఎక్కడ ముదిరిందో తెలుసుకోవడం మంచిది. లాస్ ఏంజిలెస్‌కి ఉత్తరాన సాంటా క్లారిటా అనే ఊరుంది. ఇళ్లలోని సాఫ్ట్‌నర్లు కడుక్కున్న ఉప్పునీళ్లు మురుగులో కలిసి, శుద్ధి కేంద్రంలో పోని క్లోరైడుగా సాంటా క్లారా నదిలోకి చేరేవి. దిగువన అవకాడో, స్ట్రాబెర్రీ పండించే రైతులకు క్లోరైడు పడదు. గొడవ ముదిరి 2008లో జనం ఓటు వేసి, ఇళ్లలోంచి ఉప్పు సాఫ్ట్‌నర్లను తీయించేశారు. ఊరివాళ్లు నది కోసం, దిగువ రైతు కోసం స్నానపు సుఖం వదులుకున్నారన్నమాట. మనకూ ఒక నది ఉంది. మన బేస్‌మెంటు సాఫ్ట్‌నర్ ప్లాంట్ల ఉప్పునీళ్లు నాలాల వెంట మూసీలోనే కలుస్తాయి, దాని దిగువన వరీ, పశువులకు పారాగడ్డీ ఆ నీళ్లతోనే పెరుగుతాయి. అంటే ఉప్పు లేని కండిషనర్‌కి చెప్పుకోదగ్గ నిఖార్సయిన గుణం ఒకటుంది: అది మూసీకి ఉప్పు పంపదు. కుర్రాడి ప్రసంగంలో వినబడని గుణం కూడా అదొక్కటే. ఎందుకు చెబుతాడు? మూసీ కోసం ముప్ఫై వేలు పెట్టే ఇల్లు దొరకదని కంపెనీకి బాగా తెలుసు. జుట్టు కోసమైతే వీధికి పది దొరుకుతాయి.

నోటితో చెప్పింది వేరు, బిల్లు మీద రాసింది వేరు. నోటితో "సాఫ్ట్ వాటర్", బిల్లు వెనక సన్నటి అక్షరాల్లో "పెచ్చు ఏర్పడటాన్ని తగ్గించుటకు తోడ్పడును, ఫలితము నీటి స్వభావమును బట్టి మారవచ్చును." ఆరు నెలలకి ఎలిమెంటు కాలిపోయి మీరు ఫోన్ చేస్తే ఆ "నీటి స్వభావము" నిద్ర లేస్తుంది. "మీ నీళ్లలో ఐరన్ ఉంది సార్, దానికి ముందొక ఐరన్ ఫిల్టర్ పడాలి." ఐరన్ ఫిల్టరుకి ముందు ఇసుక ఫిల్టరు. ఇసుక ఫిల్టరుకి ప్రెషర్ చాలదు, కాబట్టి బూస్టర్ పంపు. ఇన్నిటినీ చూసుకోవడానికి ఏడాదికోసారి ఏఎంసీ. మెయింటెనెన్స్ లేని తాయెత్తుకి మెయింటెనెన్స్ చేయడానికి ఇప్పుడు ఇద్దరు మనుషులు వస్తారు.

"కానీ మా ఫ్లాట్స్‌లో పనిచేసిందండీ!" అనేవాళ్లు ప్రతి వాట్సాప్ గ్రూపులో నలుగురుంటారు. అబద్ధమాడే మనుషులు కారు. ఏప్రిల్, మే నెలల్లో బోరు అడుగంటి, ట్యాంకర్లు దిగి, కాఠిన్యం నెత్తికెక్కినప్పుడు కొంటారు. జూన్‌లో బిగిస్తారు. జులైలో వానలు పడి భూగర్భజలం పలచబడుతుంది, మున్సిపల్ నీళ్లు నాలుగు చుక్కలు ఎక్కువ వస్తాయి. ఆగస్టుకల్లా సబ్బు కాస్త నురగ తెస్తుంది. వర్షం చేసిన పనికి అయస్కాంతానికి సన్మానం. మళ్లీ మే వచ్చి షవరు మూసుకుపోతే, అప్పటికి అసోసియేషన్ ప్రెసిడెంటు ఆ పరికరాన్ని పక్క బ్లాకుకీ సిఫార్సు చేసి ఉంటాడు. లక్షల రూపాయల కార్పస్ ఫండ్ ఖర్చుపెట్టించినవాడు అది పనిచేయడం లేదని ఒప్పుకోవాలంటే వచ్చే ఎన్నికల్లో నిలబడకూడదు.

ఉప్పు ప్లాంట్లు పెట్టుకున్నవాళ్లు నవ్వుకోనక్కర్లేదు. బేస్‌మెంటులో చీకటి మూలన నీలం డ్రమ్ములతో ఠీవిగా నిలబడే ఆ ప్లాంటులో కాల్షియాన్ని పట్టే రెజిన్ ఎప్పుడు మార్చారని అడగండి. వాచ్‌మన్ ఉప్పు మూట ఎప్పుడు పోశాడో అతనికి గుర్తుండదు, అది సహజం, సెక్రటరీకీ గుర్తుండదు. చాలాచోట్ల బైపాస్ వాల్వు తెరిచే ఉంటుంది. నీళ్లు ప్లాంటుకి దూరం నుంచి దండం పెట్టి నేరుగా ట్యాంకుకి వెళ్లిపోతాయి. ఫ్లాటుకి ఇంత అని సాఫ్ట్‌నర్ చార్జీ మాత్రం నెలనెలా ప్లాంటు గుండానే వసూలవుతుంది.

ఇన్ని మాటలెందుకు, కుర్రాణ్ని కూర్చోబెట్టి టీ ఇచ్చి ఒకే మాట అడగండి: "బాబూ, ఇది పెట్టక ముందు కాఠిన్యం ఎంత, పెట్టాక ఎంత? రెండు అంకెలు బిల్లు మీద రాసి సంతకం పెడతావా?" నాలుగైదు వందల రూపాయలకు దొరికే చుక్కల కిట్టు ముందు పెట్టండి. చుక్కలేస్తే ఎరుపు నీలమవుతుంది, చుక్కలు లెక్కపెట్టడమే. ఫస్టియర్ ల్యాబులో చేసిందే, ఈసారి సీనియరు రికార్డు లేదు. టెంప్లేట్ రకం అమ్మేవాడు నిజాయితీపరుడైతే, "అంకె మారదండీ, గీజరులో పెచ్చు మాత్రం తగ్గుతుంది, పరీక్ష సర్టిఫికెట్టు ఇదిగో" అంటాడు. ఆ మాట అన్నవాడి దగ్గర కొనండి, కనీసం టీ డబ్బులు దండగ కావు. "అంకెలతో పనేముంది సార్, ఫీల్ అవుతారు" అన్నవాణ్ని వంటింట్లోకి తీసుకెళ్లి కందిపప్పు డబ్బా చూపించండి. ఆ నీళ్లతో పప్పు మెత్తగా ఉడికించి చూపించాక చెక్కు రాద్దాం.

ఇక ఉప్పు, కరెంటు, అయస్కాంతం ఏవీ అక్కర్లేని మెత్తటి నీళ్లు కావాలంటే అవి ఉన్నాయి. హైదరాబాదులో ఏడాదికి సుమారు 800 మిల్లీమీటర్ల వాన పడుతుంది. 100 చదరపు మీటర్ల డాబా మీద పడేది లెక్కకి 80,000 లీటర్లు. ఆవిరైనదీ చిందినదీ పోగా మిగిలినా తక్కువేం కాదు. అందులో కాల్షియం దాదాపు సున్నా. 2002 నాటి వాల్టా చట్టం వాననీటిని ఇంకించే ఏర్పాటు ఉండాలని చెప్పనే చెప్పింది. ప్లాను మంజూరు కోసం ప్రతి అపార్ట్‌మెంటూ ఇంకుడు గుంత గీసింది, కొన్ని తవ్వాయి కూడా. ఇప్పుడు వాటి మీద టైల్సు, టైల్సు మీద కార్లు. డాబా నీళ్లు గొట్టం గుండా రోడ్డు మీదికి, రోడ్డు మీద నుంచి నాలాలోకి పోతాయి. మర్నాడు ఉదయం గేటు దగ్గర ట్యాంకరు హారన్ కొడుతుంది.

మన అసోసియేషన్ల మినిట్స్ పుస్తకం ఏది తెరిచినా జనరల్ బాడీ తీర్మానాలు ఇంచుమించు ఈ తీరునే ఉంటాయి. అంశం ఒకటి: మెయిన్ లైనుకు ఉప్పు రహిత కండిషనర్ అమర్చుట, ఏకగ్రీవంగా ఆమోదించడమైనది. అంశం రెండు: ట్యాంకరు రేటు పెంపు, చర్చించి ఆమోదించడమైనది. అంశం మూడు: ఇంకుడు గుంత పూడిక తీయించుట, విజిటర్స్ పార్కింగ్‌కు ఇబ్బంది కలుగునని సభ్యులు అభ్యంతరపరిచినందున వచ్చే సమావేశానికి వాయిదా వేయడమైనది. సమోసాల ఖర్చు విడిగా చూపబడినది.